నందికొండ తండాల భాష

కొన్నియేండ్ల క్రిందట వానకాలమున మా తరగతిలోని యొక లంబాడీ బాలుడు తన వ్రాతపుస్తకములో “మొన్నటి వానకు మా ఇల్లు పడిపోయినాడు” అని వ్రాసికొని వచ్చెను. దానిని పైకి చదివించితిమి. తరగతి యంతయు నవ్వినది, మేమును నవ్వితిమి. ఎఱ్ఱసిరాతో ఆ క్రియను కొట్టివైచి “పడిపోయినది” అని దిద్ది, అంచున “లింగజ్ఞానము లేదు” అని వ్రాసి పుస్తకమును చేతికిచ్చితిమి. ఇల్లు పడిన సంగతి మాత్రము అడుగలేదు. ఆ బాలుడు నాలుగుదినములు బడికి రానప్పుడు గాని ఆ వాక్యము వ్యాకరణాభ్యాసము కాదనియు, వార్త యనియు మాకు తోచలేదు.

తండాకు పోయి చూచితిమి. మట్టిగోడ ఒకవైపు పూర్తిగా ఒరిగియున్నది. బాలుని ముత్తవ్వ వాకిట మంచముపై కూర్చుండియుండెను. కుశలప్రశ్నలైన పిమ్మట, సిగ్గుపడుచునే, మీ భాషలో ఇల్లు పడిన మాట ఎట్లు చెప్పుదురని అడిగితిమి. “ఘర్ పడ్‌గో” అన్నది. చేతిలోని రొట్టె జారి పడినచో? “బాటి పడ్‌గి.” ఇంటికి “గో” యేల, రొట్టెకు “గి” యేల అని మేమడుగగా ఆమె మా ముఖము వంక వింతగా చూచి, “ఇల్లు గట్లనే, రొట్టె గిట్లనే సారూ. మీ తెలుగుల అమ్మ వచ్చింది, బర్రె వచ్చింది అంటరు గద, గా రెండు ఒక్కటేనా?” అని నవ్వినది. మేము సంస్కృతమునందు పంచకావ్యములు చదివినవారము. ఇంగ్లీషు వ్యాకరణము నేర్పి జీతము తీసికొనుచున్నవారము. ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పజాలక పోతిమి.

తెలుగు వైయాకరణులు నామములను మహత్తులనియు అమహత్తులనియు విభజించిరి. పురుషుడు మహత్తు. స్త్రీ బహువచనమున మహత్తుతో చేరును గాని ఏకవచనమున పశువులతోను వస్తువులతోను ఒకే క్రియను పొందును. అందుచేతనే అమ్మయు వచ్చినది, బఱ్ఱెయు వచ్చినది. లంబాడీ భాషలో ఈ పద్ధతి లేదు. అచ్చట నామములన్నియు పుంలింగములో స్త్రీలింగములో అయియుండును, నపుంసకము లేదు. ఘర్ పుంలింగము, బాటి స్త్రీలింగము. విశేషణమును, క్రియయు, తుదకు షష్ఠీవిభక్తియు నామముయొక్క లింగమును బట్టి మారును. “నా ఇల్లు” అనుటకు “మారో ఘర్”, “నా తల్లి” అనుటకు “మారి యాడి”. తెలుగులో “నా” యన్నది దేనిముందరనైనను మారదు. మా విద్యార్థికి లింగజ్ఞానము లేకపోవుట కాదు; మన భాష కోరినదానికంటె అతనికి హెచ్చుగా నుండినది. అతడు తన యింటి భాషలోని పుంలింగమును తెలుగు క్రియలోనికి మోసికొని వచ్చెను. మేము దానిని అజ్ఞాన మంటిమి.

నందికొండ పేరు పాఠకులు వినియే యుందురు. నాగార్జునసాగరమునకు మొదట ఆ గ్రామము పేరే పెట్టిరి; 1955 డిసెంబరు 10వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినది ఇచ్చటనే; 1967లో కాలువలకు నీరు విడిచిరి. జలాశయము క్రింద మునిగిన లోయలో ఇక్ష్వాకురాజుల విజయపురి యుండెడిది. క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దములలో వారును వారి రాణులును చెక్కించిన శాసనములు చాలవఱకు ప్రాకృతమున నున్నవి. వానిని చూచుటకు దేశదేశములనుండి పండితులు వచ్చి, పడవ యెక్కి నాగార్జునకొండ ప్రదర్శనశాలకు పోవుచుందురు. వారు దాటివచ్చెడి దేవరకొండ, పెద్దవూర ప్రాంతముల గుట్టలనడుమ తండాలు గలవు. ఆ తండాలలో ప్రాకృత కుటుంబమునకే చెందిన భాషయొకటి నేటికిని పిల్లల నోట ఆడుచున్నది. శిలపైనున్న ప్రాకృతమునకు గొడుగు పట్టినవారము నోటనున్న దానిని చెవియొగ్గి వినలేదు.

మా ప్రాంతమున లంబాడీభాషను గూర్చి సాధారణముగా వినబడు మాటలు రెండు: దానికి లిపి లేదనియు, అది నాలుగు భాషల కలగూరగంప గాన వ్యాకరణము లేదనియు. మొదటిది నిజమే. దానికి స్వంతలిపి లేదు. తెలుగుసీమలో తెలుగు అక్షరములతోను, కన్నడసీమలో కన్నడముతోను, మహారాష్ట్రమున దేవనాగరితోను వ్రాయుదురు. అది కొఱతయే యైనచో ఇంగ్లీషువారును రోమకుల అక్షరములనే వాడుచున్నారు గదా! రెండవమాట పూర్తిగా తప్పు. ఆ తప్పును మేము పదియేండ్లు నమ్మియుంటిమి గనుక దానిని గూర్చి కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

ముందుగా ధ్వనులు. అచ్చతెలుగు మాటలలో ఒత్తక్షరములు లేవు. ఖ, ఘ, ఛ, ఝ, ధ, భ మొదలగునవి సంస్కృతమును ఆశ్రయించి మనకు వచ్చినవి. అందుచేత చదువని తెలుగువాడు ధర్మమును “దర్మ” మనును. చదివినవాడును తొందరలో అట్లే యనును. లంబాడీ పిల్లవానికి ఈ కష్టము లేదు. ఘర్, ఘోడో (గుఱ్ఱము), ఝాడ్ (చెట్టు), ధోళో (తెల్లనిది) అనునవి వాని ఉగ్గుపాలతో వచ్చిన మాటలు. మా తరగతిలో “ఘటము, ఝరి” అని చదివింపగా తెలుగు పిల్లలు “గటము, జరి” అనుచుండ, వెనుకబల్లపై తండా పిల్లలు పాణినీయశిక్ష మెచ్చునట్లు పలుకుదురు. ఈ సంగతి కనుగొనుటకు మాకు పదియేండ్లు పట్టినది. వెనుకబల్లవారిని ముందు చదివింపకుండుటయే దానికి కారణము.

మాట మొదట ఇట్లు నిలిచిన ఒత్తు మాట చివర మాత్రము తేలిపోయినది. సంస్కృతమున హస్తము, ప్రాకృతమున హత్థ, హిందీలో హాథ్, లంబాడీలో హాత్. అష్ట యనునది ఆట్ అయినది. చేతి వ్రేళ్లపై లెక్కపెట్టుమనిన యెడల ఏక్, ది, తీన్, చార్, పాఁచ్, ఛో, సాత్, ఆట్, నవ్, దస్ అని వరుసగా చెప్పుదురు. రెండునకు “దో” యనక “ది” యనుట చూడుడు. ఇది హిందీకి చెడిన రూపమే యనువారు ఈ యొక్క అంకెవద్దనైనను ఆగవలసియుండును. ళకార మింకొక సాక్షి. సంస్కృత కాల శబ్దము హిందీలో కాలా, లంబాడీలో కాళో. ధవళము ధోళో యైనది, బలీవర్దము బళద్ (ఎద్దు) అయినది. అచ్చుల నడుమ ల కారము ళ కారమగుట రాజస్థానమునందును గుజరాతునందును మహారాష్ట్రమునందును కలదు. ప్రమాణమైన హిందీలో లేదు.

తెలుగు మాట అచ్చుతో ముగియుట మన భాషకు సహజము. లంబాడీమాట హల్లుతో ముగియుటకు జంకదు. రెండును ఒకచోట కలిసినప్పుడు ఏమగునో వారి యింటిపేర్లలో చూడవచ్చును. దేవరకొండవైపు రమావత్, కేతావత్, నేనావత్ అను పేర్లు హెచ్చు. ఈ “ఆవత్” రాజస్థానమున శెఖావత్, రాణావత్ అను వంశనామములలో నున్నదియే. ఫలానావాని సంతతివారని దాని భావము. ఓరుగల్లు, ఖమ్మము వైపు పోయినచో బానోత్, గుగులోత్ అనునవి మన కచ్చేరీ కాగితములలో బానోతు, గుగులోతు అయినవి. తుది ఉకారము మన గుమాస్తాల దానము. లంబాడీ తల్లి తన కుమారుని పిలుచునప్పుడు దానిని వాడదు.

ఇక అనునాసికము. ఇది చెప్పుటకే మాకు ముచ్చటగా నున్నది. పూర్వము తెలుగువారు వాఁడు, మూఁడు అని అరసున్న పెట్టి వ్రాసెడివారు. అది ఒకప్పుడు వాండు, మూండు అను నిండుసున్నయై పలుకబడి, క్రమముగా తేలిపోయిన ధ్వనికి గుర్తు. ధ్వని పోయి గుర్తు మాత్రము మిగులగా, పిల్లలు దాని స్థానములను బట్టీపట్టలేక ఏడ్చిరి, సంస్కర్తలు దానిని తొలగించిరి, మంచిపనియే చేసిరి. ఈ వ్యాసమునందును తెలుగు మాటలలో మేము దానిని వాడలేదు. కాని లంబాడీని తెలుగక్షరములతో వ్రాయబూనినచో ఆ వెళ్లగొట్టబడిన అరసున్నను మరల పిలువవలసి వచ్చుచున్నది. దంతము దాఁత్ అయినది. పంచ పాఁచ్ అయినది. “ఏమి” అనుటకు కాఁయి. ఇచ్చట అరసున్న పలుకని గుర్తు కాదు. అచ్చు ముక్కునుండి వెలువడును. మన ముద్రాక్షరశాలలలో పనిలేక పడియుండిన అక్షరమునకు పొరుగింట కొలువు దొరకినది.

వ్యాకరణమునకు వత్తము. భాషకు వచ్చిన త్రోవ దాని ప్రత్యయములలో తెలియునని భాషాశాస్త్రజ్ఞుల మతము. మాటలు అరువు వచ్చును, పోవును. విభక్తిప్రత్యయములును సహాయక్రియలును అంత సులభముగా మారవు. “తారో నామ్ కాఁయి ఛ?” అనగా “నీ పేరేమి?” అని యర్థము. ఈ నాలుగు మాటలనే పరిశీలింతము. “తారో”లోని రో షష్ఠి. మార్వాడీయందును రో యే, గుజరాతీయందు నో, జయపురపు భాషయందు కో. చివరనున్న “ఛ” సత్తార్థక క్రియ. ఇది ప్రాకృతమునందలి “అచ్ఛఇ” నుండి పుట్టినది. గుజరాతీలో ఛే, జయపురమున ఛై. మార్వాడీలోనో హై. అనగా షష్ఠి ఒక ఊరివైపు చూపుచున్నది, క్రియ మఱియొక ఊరివైపు చూపుచున్నది. ఏ యొక్క నగరపు భాషయు చెడి లంబాడీ కాలేదు. పశ్చిమ రాజస్థానము, ఉత్తర గుజరాతుల నడుమ తిరుగాడినవారి భాష ఇట్లే యుండవలెను. తెలుగులో “నా పేరు రాముడు” అని క్రియ లేకయే వాక్యము పూర్తియగును. మా ప్రాంతపు పిల్లలు కొందఱు “తారో నామ్ కాఁయి?” అని ఛ లేకుండ ముగించుట విన్నాము. అది తెలుగుగాలి సోకుటయే యని మా యూహ.

సంస్కృతమున “వయమ్” అనినను ఇంగ్లీషున “ఉయ్” అనినను ఎదుటివానిని కలుపుకొని చెప్పుచున్నారో వదలి చెప్పుచున్నారో తెలియదు. తెలుగువానికి మేము, మనము అని రెండు గలవు. ఈ వివక్ష ద్రావిడభాషల సొత్తని పాఠములలో చదివితిమి. లంబాడీలోను ఈ రెండును గలవు: “హమ్” అనిన మేము, “ఆపణ్” అనిన మనము. ఆపణ్ అనునది సంస్కృత ఆత్మశబ్దమే ప్రాకృతమున అప్ప, అప్పణ రూపములను దాల్చి యిట్లైనది. గుజరాతీ మరాఠీలయందును ఇది యున్నది. పశ్చిమభారతపు ఆర్యభాషలకు ఈ భేదము ద్రావిడముల సాంగత్యమువలన వచ్చినదని పలువురి అభిప్రాయము. అదియే నిజమైనచో మన పొరుగువారు మన సీమకు రాకపూర్వమే మన వ్యాకరణములోని ముక్క యొకటి వారి మూటలో నుండినది.

ఆ మూట ఎట్లు వచ్చినది? లదేణి, అనగా ఎద్దులపై సరకు మోయుట, వారి వృత్తి. ధాన్యము, ఉప్పు ప్రధానమైన సరకులు. లవణశబ్దమునుండియే లమాణీ, లంబాడీ యను పేర్లు వచ్చినవని కొందఱందురు. 1632లో పీటరు మండీ యను ఆంగ్లవర్తకుడు ఆగ్రా పాట్నాల దారిలో 14,000 ఎద్దుల తండాను చూచి వ్రాసియుంచెను, అన్నిటిపైనను ధాన్యమే. ఫ్రెంచివాడైన తవెర్నియే పది పండ్రెండువేల ఎద్దులు ఇరుకుదారిలో ఎదురైనచో బండ్లు రెండుమూడు దినములు ఆగిపోవునని విసుగుకొనెను. మొగలు సేనలు దక్కనుమీదికి దిగినప్పుడు వానికి తిండి మోసినది వీరే. 1791–92లో శ్రీరంగపట్టణముపైకి పోయిన కారన్‌వాలిసునకును, 1803లో మరాఠాలతో యుద్ధము చేసిన వెల్లస్లీకిని వీరి ఎద్దులే ఆధారము. సేనానుల పేర్లు చరిత్రపుస్తకములకెక్కినవి. ఎద్దులవారి ప్రసక్తి అడుగునోటులలో మిగిలినది.

1874లో వాడినుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను. ఒక్క రైలు మోయు బరువునకు ఎద్దులెన్ని సరిపోవును! కొన్ని దశాబ్దములలో లదేణి మూలబడినది. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వము చేసిన నేరస్థజాతుల శాసనము క్రింద పలు రాష్ట్రములలో వీరి పేరును చేర్చిరి. సరకు మోయుచు తిరుగుట ఉద్యోగముగా నున్నంతకాలము గౌరవము, అది పోగానే అదే తిరుగుట నేరము. ఆ శాసనమును 1952లో రద్దుచేసిరి. నల్లగొండ మహబూబునగరు గుట్టలలో తండాలు కట్టి, పసులను పెంచి, జొన్న ఆముదములు వేసి నిలిచినవారు ఆ త్రోవ చివర ఆగినవారే.

వారి భాషను పరిశీలించిన గ్రంథములు లేకపోలేదు. గ్రియర్సను దొరగారి భారత భాషాపరిశీలనమున తొమ్మిదవ సంపుటము మూడవభాగము 1907లో వెలువడినది. బంజారీ భాష అందున్నది. కాని ఆ పరిశీలనము నిజాము రాజ్యమునకును మద్రాసు రాజధానికిని విస్తరింపలేదు. బేరారు లంబాడీయే ప్రమాణముగా అచ్చున నిలిచినది. మన తండాల మాట ఆ పుటలకెక్కలేదు. 1970లో ట్రెయిల్ అను అమెరికా పండితుడు లమాణీ వ్యాకరణము ప్రకటించెను. 2011 జనపరిగణనమున లంబాడీ, లమాణీ తమ మాతృభాషయని చెప్పినవారు 32 లక్షలకు మించిరి. వారినందఱిని ఆ లెక్కలలో హిందీ యను శీర్షిక క్రింద కూడిరి. పైని చెప్పిన “రో”ను, “ఛ”ను, “ది”ని చూచినవారికి ఆ కూడిక యెంత సబబో విన్నవింపనక్కఱలేదు.

భాష పోవుట యెట్లుండునో చూడవలెననిన దూరము పోనక్కఱలేదు. కృష్ణకు ఇరువైపుల నల్లమలలో చెంచులున్నారు. 2016 వఱకు మహబూబునగరు జిల్లాలో నుండి యిప్పుడు నాగరుకర్నూలులో చేరిన అమరాబాదు పీఠభూమి వారి నెలవు. ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పండితుడు వారినడుమ నివసించి 1943లో గ్రంథము ప్రకటించునప్పటికే వారు తెలుగే మాటలాడుచుండిరి. పూర్వము వారికి వేఱొక భాష యుండినచో దాని మాటయొక్కటియు ఎవ్వరి పుస్తకమునందును చిక్కలేదు. మఱియొక విధమైన నాశమును గలదు. దక్షిణ అమెరికాలో బొగోటా పీఠభూమిపై మూయిస్కాజాతివారు చిబ్చా యను భాషను మాటలాడెడివారు. బెర్నార్దో దె లూగో అను క్రైస్తవసన్న్యాసి దానికి వ్యాకరణము వ్రాసి 1619లో మాద్రిదున అచ్చు వేయించెను. స్పానిషులో లేని అచ్చుధ్వని యొకటి ఆ భాషలో నుండగా దానికై ఆయన ప్రత్యేకాక్షరమునే వాడెను. 1770లో స్పెయినురాజు మూడవ కార్లోసు తన అమెరికా సీమలలో స్థానికభాషలన్నియు అణగిపోయి స్పానిషొక్కటియే యుండవలెనని ఆజ్ఞ చేసెను. ఆ శతాబ్దముననే చిబ్చా ప్రజల నోటినుండి పోయినది. లూగోగారి అక్షరము పుస్తకములో నిలిచియున్నది. దానిని పలుకువారు లేరు.

మన దేశమున ఈ విషయమై మొదట కన్నుతెఱచినవాడు మావంటి ఉపాధ్యాయుడే యని చెప్పుకొనుట మాకు గర్వముగా నున్నది. పర్లాకిమిడిలో చరిత్రపాఠములు చెప్పిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరల యిండ్లకు పోయి, వారిని తన యింటికి పిలిచి, వారి భాష నేర్చిరి. మాట నడుమ గొంతు మూసి విడిచెడి ధ్వనిని గుర్తించిరి. వారి పిల్లలకు వారి భాషలోనే బడులు నడిపిరి. వారి సవర వ్యాకరణమును 1931లో మద్రాసు ప్రభుత్వము ప్రకటించెను. 1938లో నిఘంటువు వచ్చెను. లంబాడీకి ఉపకారము చేయబూని మేము గ్రాంథికమున వ్యాసము వ్రాయుట చూచినచో ఆయన నవ్వియుందురు. ఆ నవ్వును మేము పడవలసినదే.

1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండులకై గోండీ వాచకములతో బడి తెఱచిరి. 2004 మొదలుకొని ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సవర, కువి, కొండ, కోయ, గోండీ, కొలామి, ఆదివాసీ ఒడియాలతో పాటు బంజారాభాషకును తెలుగులిపిలో వాచకములు సిద్ధపఱచెను. మేము చూచిన వాచకము చక్కగా నున్నది. పుస్తకములున్నచోట దానిని చెప్పగల ఉపాధ్యాయుడు లేకపోవుటయు, ఉపాధ్యాయుడున్నచోట పుస్తకము బీరువా దాటకపోవుటయు మేమెఱుగుదుము. తలిదండ్రులలోను పలువురు, “ఇంట్ల మాట్లాడేది బడిల ఎందుకు సారూ, ఇంగ్లీషు చెప్పుండ్రి” అని యందురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. లెక్కలును ఇంగ్లీషును రాని బిడ్డకు రేపు దారి దొరకదని వారి భయము. పిల్లవానికి తెలిసినదానినుండి తెలియనిదానికి పోయినయెడల ఇంగ్లీషును త్వరగా వచ్చునని మా అనుభవము. “మారో, మారి” అని యెఱిగిన బాలునికి సంస్కృతమున విశేషణము విశేష్యముయొక్క లింగమును పొందునని ఒక్కపూటలో చెప్పగలిగితిమి. తెలుగు బాలురకు వారము పట్టినది.

ఆ బాలుని పాత పుస్తకమును అడిగి తీసికొని, మా వ్రాతను కొట్టివేసితిమి. మరుసటి సంవత్సరము బడి తెఱచిన దినమున క్రొత్తగా చేరిన పిల్లలను “తారో నామ్ కాఁయి ఛ?” అని అడిగితిమి. తండా పిల్లలు ఒక్కసారిగా తలలెత్తి చూచిరి. ఉత్సాహము పట్టలేక మా యిల్లు ఫలానాచోట నున్నదని చెప్పబోయి, “మారి ఘర్” అని మొదలుపెట్టితిమి. వెనుకబల్లపై నవ్వు చెలరేగినది. చిన్నపిల్ల యొకతె లేచి నిలుచుండి, కొంగుతో నోరు మూసికొని, “మారి గాదు సారూ, మారో” అన్నది.